అమెరికాలో జీలకర్ర బెల్లం

అమెరికాలో తెలుగు పెళ్లంటే వేదిక గుడి, లేదా హోటల్ హాలు. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయం అలాంటి గుడే, 1970ల నుంచీ ఉంది.

మరి ముహూర్తం? హైదరాబాదు పంచాంగం చూసి గంటలు మార్చుకుంటే చాలదు. లగ్నం ఊరిని బట్టి మారుతుంది. పెళ్లి జరిగే ఊరికే లెక్క కట్టాలి. అర్ధరాత్రి ముహూర్తమైతే హాలు దొరకడం కష్టం. అందుకే చాలామంది వారాంతపు పగటి ముహూర్తమే అడుగుతారు. పురోహితులూ సర్దుకుంటారు లెండి!

హోమం మరో చిక్కు. పొగ రేగితే అలారం మోగుతుంది. ముందే అనుమతి తీసుకోవాలి.

మూడు ముళ్లు పడ్డా చట్టానికి చాలదు. మ్యారేజ్ లైసెన్స్ ఉండాలి. అది పెళ్లికి ముందే తీసుకోవాలి.

వెళ్లే అతిథులకు ఒక మాట. వస్తారో రారో ముందే చెప్పండి. అక్కడ భోజనాలు తలల లెక్కనే.