కాఫీ పొడి కొనేముందు
(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



తెల్లవారి లేచింది మొదలు మన ఇళ్ళలో ముందు వినిపించే మాట "కాఫీ అయిందా?" అన్నదే కదా! ఇంటాయన పేపరు విప్పాలన్నా, మామగారు నాలుగడుగులు అలా తిరిగి రావాలన్నా ముందు అది గొంతులో పడాల్సిందే. ఇంత ముఖ్యమైన వస్తువును కొనేటప్పుడు మాత్రం మనం బియ్యం, కందిపప్పు చూసినంత శ్రద్ధగా చూడం. బియ్యం అరచేతిలో పోసుకుని చూస్తాం. పప్పు కొరికి చూస్తాం. కాఫీ పొడి దగ్గరికి వచ్చేసరికి "ఎప్పుడూ తీసుకునే పొట్లం ఇవ్వండి" అని డబ్బులిచ్చి వచ్చేస్తాం. అందుకని ఈవేళ కాఫీ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

కాఫీ గింజల్లో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. ఒకటి అరబికా, రెండోది రోబస్టా. అరబికా ఎత్తయిన కొండల మీద పండుతుంది. దానికి సువాసన ఎక్కువ, చేదు తక్కువ. రోబస్టా అంతకంటే తక్కువ ఎత్తులోనూ పండుతుంది. దానికి చేదు, చిక్కదనం ఎక్కువ. కెఫీన్ కూడా అరబికాలో కంటే దాదాపు రెండింతలు ఉంటుంది. మామూలుగా ధర అరబికాకే ఎక్కువ.

షాపులో "ప్లాంటేషన్" అని చెబుతారే, అది పండు తొక్క తీసి, కడిగి, ఎండబెట్టిన అరబికా గింజ. పండును పండుగానే ఎండబెట్టి తర్వాత గింజ తీస్తే దాన్ని "చెర్రీ" అంటారు. ఇక "పీబెర్రీ" అంటే వేరే జాతి అనుకుంటారు చాలామంది. కాదు. కాఫీ పండులో మామూలుగా రెండు బద్దలుంటాయి. ఏ కొన్నిటిలోనో ఒక్కటే గుండ్రంగా పెరుగుతుంది. వాటిని ఏరి వేరుగా అమ్ముతారు, అంతే. సగం ప్లాంటేషన్, సగం పీబెర్రీ కలిపి పట్టించుకోవడం చాలా ఇళ్ళలో అలవాటు. పాలు ఎక్కువ పోసుకునే ఇళ్ళలో నాలుగో వంతు రోబస్టా కలిపితే కాఫీ పలచబడదు.

కాఫీ అంటే చిక్కమగళూరు, కూర్గు అని అనుకుంటాం గానీ, మన తూర్పు కనుమల్లో కూడా 1898లోనే తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో కాఫీ నాటారు. ఇవాళ అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో వేలాది గిరిజన కుటుంబాలకు ఈ పంటే ఆధారం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే అల్లుకుని మిరియం పాదులు. 2017లో అరకు కాఫీకి పారిస్ నగరంలో దుకాణం వెలిసింది. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాదాపు ఆరు కిలోల పండు కోస్తే గాని కిలో పచ్చి గింజ రాదు. వేయించేసరికి అందులోనూ ఆరో వంతు తరిగిపోతుంది. పచ్చి కాయను వదిలి, ఎర్రగా పండిన పండునే ఒక్కొక్కటిగా ఏరి కోయాలి. ఆ కోతల్లో ఆడవాళ్ళ చేతులే ఎక్కువ. అంత శ్రమపడి పండించిన గింజకు మనం డబ్బిస్తున్నామా, ఇంకొకదానికి ఇస్తున్నామా అన్నది చూసుకోవద్దూ?

ఆ ఇంకొకటే చికోరీ. అదొక మొక్క వేరు. గుజరాత్‌లోనూ, ఉత్తరప్రదేశ్‌లోనూ పండిస్తారు. వేయించి పొడి కొడితే డికాక్షన్‌కు రంగు, చిక్కదనం వస్తాయి. అది విషమేమీ కాదు, అందులో కెఫీనే లేదు. కానీ కాఫీ కంటే బాగా చవక. చట్టం ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గకూడదు. ఏది ఎంత ఉందో పొట్లం మీద వేసి తీరాలి. 53 పాళ్ళు కాఫీ, 47 పాళ్ళు చికోరీ అని వేసి ఉందనుకోండి. అర కిలో కొంటే అందులో కాఫీ 265 గ్రాములే! తక్కిన 235 గ్రాములూ వేరు పొడి. పక్కనున్న పొట్లం యాభై రూపాయలు తక్కువని సంబరపడేముందు ఈ లెక్క వేసుకోండి. చికోరీ రుచి మీకిష్టమైతే వేరుగా కొని, కిలోకు నూరో, నూట యాభయ్యో గ్రాములు మీరే కలుపుకోవచ్చు. తెలిసి కలుపుకోవడం వేరు, తెలియక కొనుక్కోవడం వేరు.

విడిగా కొన్న పొడి మీద అనుమానం వస్తే ఒక పరీక్ష ఉంది. గాజు గ్లాసులో చన్నీళ్ళు పోసి, పైన చెంచాడు పొడి చల్లండి. కలపకండి. కాఫీ పొడి కాసేపు పైనే తేలుతుంది. చికోరీ గోధుమరంగు చారలు వదులుతూ అడుక్కి దిగిపోతుంది.

ఇక నిలవ సంగతి. పొడి చేసిన కాఫీకి వాసన రోజుల్లో పోతుంది, గింజకు వారాలు పడుతుంది. మా పెనుగొలను లాంటి ఊళ్ళో ఉన్నవాళ్ళం, విజయవాడ వెళ్ళేవాళ్ళ చేత నెలకోసారి తెప్పించుకునేవాళ్ళం, గింజలే తెప్పించుకోవడం మేలు. వారానికి సరిపడా మిక్సీలో వేసుకోవచ్చు. ఒక్కసారిగా తిప్పకుండా ఆపి ఆపి తిప్పితే పొడి వేడెక్కదు. బొంబాయి రవ్వ కంటే మెత్తగా, గోధుమపిండి కంటే గరుకుగా ఉండాలి. మరీ మెత్తగా ఉంటే ఫిల్టరు దిగదు, మరీ గరుకైతే నీళ్ళలా జారిపోతుంది. గట్టి మూతున్న పొడి డబ్బాలో పెట్టుకోండి, తడి చెంచా తగలనివ్వకండి.

డికాక్షన్‌కు పై గిన్నెలో, ఇద్దరికి మూడు పెద్ద చెంచాల పొడి వేసి, చిల్లుల బిళ్ళతో తేలిగ్గా అదమండి, గట్టిగా నొక్కవద్దు. నీళ్ళు తెర్లి దించాక అర నిమిషం ఆగి, ముందు పొడి తడిసేంత, తర్వాత మిగిలినవి పోయండి. పదిహేను, ఇరవై నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేయండి. ఫిల్టరు లేకపోతే, మరిగిన నీళ్ళు పొయ్యి మీంచి దించి, పొడి వేసి, మూతపెట్టి, అయిదు నిమిషాల తర్వాత శుభ్రమైన గుడ్డలో వడకట్టండి. పొడిని నీళ్ళలో మరిగించినా, దిగిన డికాక్షన్‌ను మళ్ళీ కాచినా చేదెక్కి వాసన పోతుంది. మరిగే పాలు డికాక్షన్‌లో పోసుకుంటే ఆ వేడి చాలు.

చివరగా ఒక్క మాట, ఇది ముఖ్యంగా మన కోసం. కాఫీలో ఉండే కొన్ని పదార్థాలు అన్నంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా కాఫీ, టీలు వద్దన్నారు. కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటవద్దన్నారు. ఒక కప్పు ఫిల్టరు కాఫీలో 80 నుంచి 120 దాకా ఉంటుంది కాబట్టి, రెండు కప్పులతో ఆపడం మంచిది. గర్భిణులు ఇంకా తగ్గించి, డాక్టరుగారిని అడిగి తాగాలి. టిఫిను మానేసి, ఆకలికి కాఫీతో సరిపెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. అది మానుకుందాం.

ఇంకొకటి. ఇంట్లో అందరికీ మొదటి డికాక్షన్‌తో కలిపిచ్చి, అడుగున మిగిలిన రెండో డికాక్షన్‌తో చల్లారిన కాఫీ తాగే ఇల్లాళ్ళు ఎంతమందో. పొడి ఎంచి కొన్నదీ, పట్టిందీ, దింపిందీ మీరే. రేపటి నుంచి ఆ మొదటి డికాక్షన్‌లో మీ గ్లాసుకూ వాటా తీసి పక్కన పెట్టుకోండి. ఎవరూ కాదనరు.