తెలుగులో మొదటి విజ్ఞాన పాఠాలు



గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి స్మృతిలో మాట్లాడమంటే ఎవరైనా వందేమాతరం ఉద్యమంతోనే మొదలుపెడతారు. 1907లో రాజమండ్రి ట్రెయినింగ్ కాలేజీ నుంచి ఆయన్ను వెళ్లగొట్టడం, 1908లో ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు మూడేళ్ల జైలు, ఆ తర్వాత గ్రంథాలయోద్యమం. ఇవన్నీ మీరు చాలాసార్లు విన్నారు. నంద్యాలలో ఆయన గురించి చెప్పుకోవడానికి ఇంకో కారణం ఉంది. 1883లో కర్నూలులో పుట్టిన ఆ పేదింటి పిల్లవాడు కర్నూలు, గుత్తి, నంద్యాల బళ్లలో చదువుకుని, ఉపకార వేతనాల మీద మద్రాసు చేరి, 1906లో ఎం.ఏ. అయ్యాడు. అదే ఏడాది హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు గార్లతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టాడు. తెలుగు చదవడం వస్తే చాలు, చరిత్ర గానీ శాస్త్రం గానీ అందుకోగలగాలన్నది వాళ్ల పట్టుదల. నా ప్రసంగం ఆ పట్టుదల గురించి, అది ఎంతవరకు వచ్చి ఎక్కడ ఆగిందన్న దాని గురించి.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1868 ఆగస్టు 18న తెలుగు నేల మీద సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. గుంటూరులో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ మకాం వేశాడు. మచిలీపట్నంలో మద్రాసు నక్షత్రశాల అధిపతి పోగ్సన్ ఉన్నాడు. అదే నక్షత్రశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి మనకు కృష్ణ అవతల ఉన్న వనపర్తికి వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే ఎర్రటి జ్వాలల వెలుగును వర్ణపట దర్శినితో విడదీసి చూస్తే, అవి వేడికి వెలిగే హైడ్రోజన్ వాయువు రాశులని తేలింది. ఆ వర్ణపటంలో ఉన్న ఒక పసుపు గీత భూమి మీద అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. దాని వెనక ఉన్నది హీలియం అని తర్వాత తెలిసింది. ప్రపంచ విజ్ఞాన చరిత్రలో అంత పెద్ద ఘట్టం మన పొలాల మధ్య జరిగింది. ఆ రోజుకు కందుకూరి వీరేశలింగం గారి వయసు ఇరవై ఏళ్లు. ఆయన ‘జ్యోతిశ్శాస్త్ర సంగ్రహము’, ‘శరీరశాస్త్ర సంగ్రహము’, ‘జంతుస్వభావ చరిత్రము’ ఇంకా పుట్టలేదు. గుంటూరు రైతు చీకటినీ పక్షుల గోలనూ చూశాడు. దొరల గుడారంలో ఏం కనబడిందో అతనికి చెప్పే పుస్తకం లేదు.

ఆ లోటు తీర్చడానికి పూనుకున్న వీరేశలింగం గారు వృత్తికి తెలుగు పండితులు. తర్వాత మండలికి రాసిన ఆచంట లక్ష్మీపతి గారు వైద్యులు. మండలి తరఫున వేమూరి విశ్వనాథశర్మ గారి ‘రసాయన శాస్త్రము’, మంత్రిప్రగడ సాంబశివరావు గారి ‘పదార్థవిజ్ఞాన శాస్త్రము’, లక్ష్మీపతి గారి ‘జీవశాస్త్రము’ వచ్చాయి. గమ్మత్తేమిటంటే మండలి గ్రంథమాలలో మొదటి పూసగా 1907లో వచ్చినది శాస్త్ర గ్రంథం కాదు, హరిసర్వోత్తమరావు గారే రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. అందుకు నాకేమీ ఆశ్చర్యం లేదు. కట్టెలు కొట్టే ఇంట పుట్టి దీపం ముందు చదువుకున్నవాడి కథ ఉపకార వేతనాల మీద చదివినవాణ్ణి పట్టుకోక ఏం చేస్తుంది?

ఆ పుస్తకాల మీద నాకు గౌరవం ఉంది, ఒక ఫిర్యాదూ ఉంది. అవి బాగా చెప్పాయి. చెప్పి ఊరుకున్నాయి. చదివేవాడి చేతికి ఏ వస్తువూ ఇవ్వలేదు. ఆ కాలంలో ఇవ్వగలిగేవీ కావు. గాజుగొట్టం గానీ థర్మామీటరు గానీ మద్రాసు నుంచో సీమ నుంచో రావలసిందే. జైలు నుంచి వచ్చాక హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయాల కోసం, వయోజన విద్య కోసం ఊరూరూ తిరిగారు. ఎన్నో ఊళ్లలో గ్రంథాలయాలకు బీరువాలు వచ్చాయి, పుస్తకాలు చేరాయి. గ్రంథాలయం పక్కన ఒక బల్ల, ఒక తక్కెడ, నాలుగు సీసాలు పెట్టాలని ఆ ఉద్యమం అనుకోలేదు. అనుకుని ఉంటే మన విజ్ఞానపు చదువు మరో దారి పట్టి ఉండేది.

1968లో తెలుగు అకాడమి వచ్చింది. మొదటి అధ్యక్షుడు పి.వి. నరసింహారావు గారు. 1991లో ప్రధానిగా ఉండి లోక్‌సభకు ఇక్కడి నుంచే గెలిచారు కాబట్టి ఆయన మనకు కొత్తవారు కాదు. ఇంటర్, డిగ్రీ స్థాయి భౌతిక, రసాయన శాస్త్రాలు తెలుగులో చదువుకునే వీలు ఆ అకాడమి పుస్తకాల వల్లే కలిగింది. పల్లెల నుంచి వచ్చిన ఎంతమంది ఆ లావుపాటి పుస్తకాలతో డిగ్రీలు గట్టెక్కారో ఈ హాలులోనే చేతులెత్తించి చూడొచ్చు. అయితే ప్రాక్టికల్ రికార్డు మాత్రం సీనియర్ల రికార్డు చూసి రాసుకోవడమే ఆనవాయితీ. లోలకం ఊపకుండానే గురుత్వ త్వరణం 9.8 వచ్చేది, అదీ ప్రతి రికార్డులోనూ.

అందుకని ఇప్పుడు పుస్తకం మూసి, మన కాళ్ల కింద ఏముందో చూద్దాం. ఈ సభలో సగం మంది ఇళ్లలో నేల మీద పరిచింది నాపరాయి. బేతంచెర్ల, అవుకు, కొలిమిగుండ్ల గనుల నుంచి వచ్చే రాయి. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం అచ్చు వేశాడు. ఇక్కడి రాతిపొరలను ఇవాళ భూగర్భ శాస్త్రం మన ఊళ్ల పేర్లతోనే పిలుస్తుంది. అడుగున బనగానపల్లె క్వార్ట్‌జైట్, దాని మీద నార్జి సున్నపురాయి, ఆపైన అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటి పైన నంద్యాల షేల్. ఇవి వంద కోట్ల ఏళ్ల లెక్కలో మాట్లాడుకోవలసిన సముద్రపు మేటలు. మన పదో తరగతి పిల్లవాడికి తన ఊరి పేరుతో ఒక రాతిపొర ఉందని తెలుసా?

నాపరాయి ముక్క ఒకటి తెచ్చి, సుత్తితో దంచి, పొడి మీద నిమ్మకాయ పిండండి. బుసబుస పొంగుతుంది. పాలిష్ పట్టిన బండ మీద నిమ్మరసం ఒలికి రాత్రంతా ఉంటే తెల్లారి అక్కడ మెరుపు పోయి మచ్చ పడుతుంది. ఇల్లు తుడిచే ఆడవాళ్లకు ఇది తెలిసిన సంగతే. రాయిలో ఉన్నది కాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగలగానే అందులో బందీగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ బుడగలై బయటికి వస్తుంది. అదే వాయువును బయటికి తీసే మరో దారి బట్టీ. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే 100 కిలోలకు 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు గాలిలో కలిసిపోతాయి. కాలిన రాయి తేలికవుతుందని బట్టీలో దించి ఎత్తేవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? దాన్ని తక్కెడలో పెట్టి, పోయిన బరువు ఎటు పోయిందని అడిగినవాడు మాత్రం స్కాట్లండ్‌లో ఉన్నాడు, జోసెఫ్ బ్లాక్. 1756లో అచ్చయిన అతని పరిశోధన ఆధునిక రసాయన శాస్త్రానికి పునాదిరాళ్లలో ఒకటి. అతనికి దొరికిన రాయి మనకూ దొరికింది. తక్కెడ మన బజారులోనూ ఉంది.

కాల్చిన రాతిసున్నం మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడికి, పగిలి, పొడి అవుతుంది. పెద్దపండగకు వెల్ల వేసే రోజుల్లో కాగు దగ్గరికి పిల్లల్ని రానిచ్చేవాళ్లు కాదు. మంట లేకుండా నీళ్లు మరగడం కంటే గొప్ప ప్రయోగం ఏ ప్రయోగశాలలో చూపిస్తారు? ఆ సున్నాన్నే గోడకు పూస్తే నాలుగు రోజుల్లో గట్టిపడుతుంది. అది ఆరడం మాత్రమే అనుకుంటాం గానీ, బట్టీలో పోగొట్టుకున్న వాయువును గాలి నుంచి తిరిగి తీసుకుని అది మళ్లీ సున్నపురాయి అవుతున్నది. గనిలో రాయి, బట్టీలో సున్నం, కాగులో తడిసున్నం, గోడ మీద మళ్లీ రాయి. ఒక చక్రం మొత్తం ఒకే తాలూకాలో తిరుగుతుంది.

బెలుం గుహలో జరిగిందీ ఈ రసాయనమే, అయితే తొందర లేకుండా. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త పులుస్తుంది. నిమ్మరసం ఒక్క క్షణంలో చేసే పని ఆ నీరు లక్షల ఏళ్లు చేసింది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఆ గుహ గురించి రాశాడు. 1982, 83లలో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలికి పాకి వెళ్లి కొలిచింది. 3,229 మీటర్ల దారి, పాతాళగంగ దగ్గర 46 మీటర్ల లోతు. మనవాళ్లు అక్కడ సెల్ఫీలు దిగుతారు. మంచిదే. ఒక నిమ్మకాయ జేబులో వేసుకెళ్లమని చెప్పను, గుహ గోడ పాడు చేస్తారు. దారిలో గని దగ్గర పారేసిన చిప్పలు చాలు.

రసాయనం నుంచి భౌతికానికి రావాలంటే మహానంది దాకా వెళ్తే సరి. అక్కడి గుడి కోనేటి నీరు ఎంత తేట అంటే అడుగున పడ్డ పైసా కనబడుతుంది. అంత తేటగా ఉండడం వల్లే అది కంటిని మోసం చేస్తుంది. నీటిలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగుతుంది. నీటి వక్రీభవన గుణకం దాదాపు మూడింట నాలుగు వంతులు, అంటే 1.33. పైనుంచి సూటిగా చూస్తే ఐదడుగుల లోతు మూడుముప్పావు అడుగులే అనిపిస్తుంది. మెట్టు మీద నిలబడి ‘లోతు లేదులే’ అని దిగిన పిల్లవాడు గుటకలు మింగేది అందుకే. రెండో సంగతి, ఆ నీరు చలికాలంలో గోరువెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉంటుందంటారు. అది స్వామి మహిమ అనేవారితో నాకు తగాదా లేదు. ఒక థర్మామీటరు దారానికి కట్టి జనవరిలో ఒకసారి, మేలో ఒకసారి ఊట దగ్గర ముంచి చూడమంటాను. నేలలో కొన్ని మీటర్ల కిందికి ఎండగానీ చలిగానీ దిగదు, అక్కడ ఏడాది పొడుగునా సగటు వేడే ఉంటుంది. నల్లమల లోపలి నుంచి వచ్చే ఊట ఆ సగటునే మోసుకొస్తుంది. మారేది నంద్యాల గాలి, దానితోపాటు మన ఒళ్లు. కింది అరటి తోటలకు రెండు కాలాల్లోనూ అందేది దాదాపు ఒకే వేడి నీరు.

హరిసర్వోత్తమరావు గారు 1960 ఫిబ్రవరి 29న పోయారు. తారీఖు ప్రకారం వర్ధంతి చేయాలంటే నాలుగేళ్లకొకసారే వస్తుంది. సూర్యుడి చుట్టూ తిరిగే భూమి మీద రుతువుల చక్రం ఒకసారి పూర్తవడానికి 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 46 సెకన్లు పడుతుంది. మిగిలిన ఆ ముక్కలను నాలుగేళ్లు పోగేసి ఒక రోజు చేసి ఫిబ్రవరికి తగిలిస్తాం. అదీ కాస్త ఎక్కువైందని 1900లో ఇవ్వలేదు, 2000లో ఇచ్చారు. మహీధర నళినీమోహన్ గారి ‘క్యాలెండర్ కథ’ చదివినవారికి ఈ లెక్క కొత్త కాదు. ఖగోళం ఎక్కడో దుర్భిణి చివర ఉందనుకుంటాం. గోడకు వేలాడే క్యాలెండరులోనూ ఉంది, మధ్యాహ్నం వాకిట్లో పడే నీడలోనూ ఉంది.

నీడ అన్నాను కాబట్టి మన రెండు ఊళ్ల సంగతి చెప్పి ముగిస్తాను. నంద్యాల 15.48 ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఆళ్లగడ్డ దాదాపు 15.13 మీద. రెండూ ఇంచుమించు ఒకే ఉత్తర దక్షిణ రేఖ మీద ఉన్నాయి. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ అలెగ్జాండ్రియా, సైనీ నగరాల మధ్యాహ్నపు నీడల తేడా 7.2 డిగ్రీలని పట్టి, భూమి చుట్టుకొలత లెక్క కట్టాడు. ఆ రెండు నగరాలూ ఒకే రేఖ మీద ఉన్నాయనుకున్నాడు. నిజానికి మూడు డిగ్రీల తేడా ఉంది. ఆ విషయంలో మన జంటే మెరుగు. మన తేడా 0.35 డిగ్రీ, దూరం సుమారు 39 కిలోమీటర్లు. 39ని 0.35తో భాగించి 360తో హెచ్చించండి, 40,000 కిలోమీటర్ల చిల్లర వస్తుంది. భూమి చుట్టుకొలత అదే.

చిక్కు లేకపోలేదు. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం. కర్ర పాతితే నీడ కొన చెదిరిపోయి, మనకు కావలసిన తేడాను మింగేస్తుంది. అందుకని మూడు మీటర్ల ఎత్తున ఒక రేకు కట్టి, దానికి మేకుతో చిన్న రంధ్రం పెట్టాలి. నేల మీద రూపాయి బిళ్లంత సూర్యబింబం పడుతుంది. దాని నడిమధ్యను పెన్సిలుతో గుర్తు పెట్టి, మేస్త్రీ తూకంగుండు దించిన చోటు నుంచి కొలవాలి. రెండు ఊళ్ల కొలతల్లో తేడా రెండు సెంటీమీటర్లకు అటూ ఇటుగా వస్తుంది. రెండు మిల్లీమీటర్లు తప్పితే భూమి నాలుగు వేల కిలోమీటర్లు పెరగడమో తరగడమో జరుగుతుంది. రెండంతస్తుల బడి మేడ మీద నుంచి వేలాడదీస్తే ఆ తప్పు సగానికి దిగుతుంది.

నీడ పూర్తిగా మాయమయ్యే రోజైతే చూడముచ్చటగా ఉంటుంది. మే 1, 2 తేదీల ప్రాంతంలో సూర్యుడు ముందు ఆళ్లగడ్డ నెత్తిన, తర్వాత నంద్యాల నెత్తిన నిలబడతాడు. ఆగస్టు 10, 11 ప్రాంతంలో తిరుగు ప్రయాణంలో నంద్యాల ముందు, ఆళ్లగడ్డ తర్వాత. మేలో బళ్లకు సెలవులు, ఆగస్టులో మబ్బులు. ఎరటోస్తనీస్ పద్ధతికి నీడ మాయం కానక్కర్లేదు. రెండు చోట్లా ఒకే రోజు మధ్యాహ్నం కొలిస్తే చాలు. ఫిబ్రవరి చివరి వారం తేటగా ఉంటుంది, బళ్లు తెరిచే ఉంటాయి. అప్పుడు సూర్యుడు మన రేఖ దాటేది 12 గంటల 29 నిమిషాల ప్రాంతంలో. ఆ పది నిమిషాలకు లెక్కల మాస్టారు తన పీరియడ్ వదులుకోవాలి, అంతే.