మాత్రలా, మూలికలా? దీర్ఘరోగుల పక్షాన కొన్ని మాటలు
(పాపారపట్టిలో తెలుగు కుటుంబాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ప్రాంతంలో ఇళ్ళు దర్శించడానికి వెళ్ళినప్పుడల్లా మాకు ఒకే ప్రశ్న ఎదురవుతోంది. "అయ్యగారూ, ఈ ఇంగ్లీషు మాత్రలు ఇంకా ఎన్నాళ్ళు మింగాలి? నాటు మందుకు మారితే మంచిది కాదా?" అడిగేవారు షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు, ఉబ్బసంతో ఏళ్ళ తరబడి బతుకుతున్నవారు. వారి విసుగులో న్యాయం ఉంది. అందుకే ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకుండా ఆలోచిద్దాం.

మనం కూర్చున్న ఈ ఊరికే దీర్ఘరోగం గురించి చెప్పే చరిత్ర ఉంది. స్వాతంత్ర్య సమరయోధుడు సుబ్రహ్మణ్య శివ 1925 జూలై 23న పాపారపట్టిలోనే కన్నుమూశారు. 1908లో వ.ఉ. చిదంబరం పిళ్ళైతో పాటు అరెస్టయిన ఆయనకు జైలులో కుష్ఠు సోకింది. ఆ రోగం ఉందని రైలు ప్రయాణం కూడా నిషేధిస్తే, ఆయన కాలినడకన ఊళ్ళు తిరిగి ప్రసంగించారు. రోగం ఒక బాధ, రోగిని వెలివేయడం మరో బాధ. ఆయన రెండూ అనుభవించారు.

ఆ రోజుల్లో కుష్ఠుకు చెప్పుకోదగ్గ మందు చాల్‌ముగ్రా గింజల నూనె. అది మన దేశపు పాత వైద్యంలోనిదే. మింగితే వాంతులయ్యేవి, పూస్తే అంతగా పనిచేసేది కాదు. 1915 ప్రాంతంలో హవాయిలో ఆలిస్ బాల్ అనే నల్లజాతి యువ శాస్త్రవేత్త దాన్ని ఇంజెక్షనుగా ఇవ్వగలిగే రూపంలోకి మార్చింది. కొందరికి ఉపశమనం దొరికింది గాని రోగం పూర్తిగా పోలేదు. 1940లలో డాప్సోన్ వచ్చింది. అదొక్కటే వాడితే క్రిములు దానికి అలవాటు పడిపోయాయి. చివరికి 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసింది. ఇప్పుడు ఆరు నెలలో, పన్నెండు నెలలో ఆ మందులు ఉచితంగా వాడితే కుష్ఠు నయమవుతుంది.

ఈ కథలో మూలికను ఎవరూ వెక్కిరించలేదు, మొక్కనూ లేదు. పరీక్షించారు. పనికొచ్చినంత వరకు వాడారు, మేలైనది దొరికినప్పుడు వదిలేశారు.

మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు జీవితం కూడా ఇదే చెబుతుంది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులను బలి తీసుకుంది. ఆయనకూ అది వస్తే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. అక్కడితో ఆగకుండా అమెరికా వెళ్ళి, ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించారు. స్ప్రూ రోగులకు అదే మందయింది.

మరి నేటి సంగతి? మాత్రలు మానేసేవారిని మూర్ఖులని అనడం అన్యాయం. ఒక కూలి మనిషి ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్సెక్కి, వరుసలో నిలబడితే, డాక్టరు ముఖం కూడా చూడకుండా చీటీ రాసి పంపితే ఆమెకేమనిపిస్తుంది? నాటు వైద్యుడు కూర్చోబెట్టి తిండి, నిద్ర, ఇంటి కష్టం అడుగుతాడు. పైగా "పూర్తిగా నయం చేస్తాను" అంటాడు. విసిగిన మనిషికి ఆ మాట అమృతంలా వినబడుతుంది.

కానీ ఆ మాటే ప్రమాదం. బీపీ ఏ నొప్పీ చూపకుండానే ఒకనాడు పక్షవాతం తెస్తుంది. మూర్ఛకు వాడే మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. చిన్నతనంలో వచ్చే షుగరుకు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. షుగరు నయం చేస్తామని ప్రకటించడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

అందుకే ఏ మందైనా, ఏ వైద్యుడైనా, నాలుగు ప్రశ్నలు అడగండి.

మొదటిది, ఇందులో ఏముంది? పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి అమ్మేవారున్నారు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ ఉన్నట్టు 2004లో తేలింది. "ఆకే కదా, ఏం చేస్తుంది" అనుకోవద్దు.

రెండోది, గుణం ఎలా తెలుస్తుంది? ఒంట్లో హాయిగా ఉందంటే చాలదు. షుగరుకైతే మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష ఉంది.

మూడోది, ఇది మొదలుపెట్టడానికి ఏది ఆపమంటున్నారు? ఆపమంటే ముందు మీ డాక్టరుకు చెప్పండి. ఆయుర్వేదమో సిద్ధమో వాడుతుంటే దాచకుండా అదీ చెప్పండి.

నాలుగోది, ఖర్చు ఎవరి మీద పడుతోంది? పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకే పోసిన స్త్రీ సంగతి మార్కు సువార్తలో ఉంది. అలాంటి స్త్రీలు నేడూ ఉన్నారు. ఆమెను దోచినది కార్పొరేట్ ఆసుపత్రి అయినా, నాటు వైద్యుడైనా పాపం ఒక్కటే.

ఇంతకీ మేలు చేసేవి లేకపోలేదు. నడుము నొప్పికి వ్యాయామం, యోగా వంటివి ఉపయోగపడతాయని ఆధునిక వైద్యులే చెబుతున్నారు. ఈ రాష్ట్రంలో చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో సిద్ధ విభాగాలున్నాయి. చదువుకున్న వైద్యుడి దగ్గర, మాత్రలకు తోడుగా వాడుకోవచ్చు.

ప్రార్థన సంగతి కూడా చెప్పాలి. హిజ్కియా రాజు ప్రార్థన ఆలకించబడింది. అయినా అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించారు. మేము రోగుల మీద చేతులుంచి ప్రార్థిస్తాం, మాత్రలు మానమని మాత్రం ఎవరికీ చెప్పం. విశ్వాసముంటే మందెందుకని బోధించేవారు ఆ మనిషికి పక్షవాతం వస్తే మంచం దగ్గర ఉండరు.

ఇక ఏ మందూ నయం చేయలేని రోగం ఒకటి ఈ ధర్మపురి జిల్లాకు బాగా తెలుసు. అది ఫ్లోరోసిస్. మన నల్గొండకూ తెలుసు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు ఏళ్ళ తరబడి ఒంట్లో చేరితే పళ్ళు గారపడతాయి, ఎముకలు బిగుసుకుంటాయి. ఒకరు తైలం రుద్దుతారు, ఒకరు నొప్పి మాత్ర ఇస్తారు. అసలు వైద్యం మంచినీళ్ళే. 2013లో ప్రారంభమైన హొగేనక్కల్ పథకం కావేరి నీళ్ళు తెచ్చింది అందుకే. మీ వీధి కుళాయికి అవి వస్తున్నాయా? రాకపోతే అడగడం కూడా వైద్యంలో భాగమే.

అలాగే బీపీ, షుగరు మాత్రలు ఇంటికే తెచ్చిచ్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకం 2021 ఆగస్టు 5న పక్కనున్న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే మొదలైంది. అది మన హక్కు. మంచం పట్టినవారి ఇంటికి వచ్చి ఫిజియోథెరపీ చేయడం కూడా అందులో ఉంది. తమిళం చదవలేని మన పెద్దల పేర్లు ఆ జాబితాలో ఉన్నాయో లేదో యువకులు చూడండి.

చివరిగా ఒక మనవి. నెలకొక ఆదివారం ఆరాధన ముగిశాక బీపీ చూసే ఏర్పాటు చేద్దాం. ఎవరి మాత్రలు అయిపోయాయో అడుగుదాం. జీవితాంతం మందు వాడాల్సిన మనిషికి జీవితాంతం తోడు కూడా కావాలి. ఆ తోడు మనం ఇస్తే, బూటకపు వాగ్దానాల వెంట వెళ్ళేవారు తగ్గుతారు.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక.