హారం లేని లెక్క

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ లెక్కల మాస్టారు నరసరావుపేటలో ఎందరికో భిన్నాలు నేర్పారు. లవం చూసి సంబరపడే పిల్లాణ్ణి ఆపి, "హారం ఏదిరా?" అనేవారు. ఆ ప్రశ్నే ఇవాళ పత్రికలకూ టీవీలకూ వేస్తాను.

2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో జరిగిన తబ్లిగీ జమాత్ సమావేశాలకు మన రాష్ట్రం నుంచీ వెళ్లారు. వచ్చినవారిలో కొందరితో వైరస్ కూడా వచ్చింది. దాచాల్సిన పనిలేదు. దేశంలోని 14,378 కేసుల్లో 4,291, అంటే 29.8 శాతం, ఆ సమావేశాలతో ముడిపడ్డవని ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వాటా 61 శాతమని చెప్పింది. మన పేట అప్పుడు రెడ్ జోన్. బయట బారికేడ్లు, లోపల టీవీ, అందులో ఆ శాతాలు.

లెక్క తప్పు కాదు, సగమే చెప్పారు. అప్పుడు పరీక్షలు తక్కువ. ప్రధానంగా విదేశాల నుంచి వచ్చినవారికీ, లక్షణాలున్నవారికీ, రోగులతో మెలిగినవారికీ చేసేవారు. మర్కజ్ జాబితా పట్టుకుని గాలించారు, గాలించిన చోట దొరికింది. గాలించని చోట ఎంతుందో ఆ శాతం చెప్పదు. ఎందరికి పరీక్ష చేస్తే ఇందరు తేలారో చెప్పిన వార్త అరుదు. ఈలోగా "కరోనా జిహాద్" అనే హ్యాష్‌ట్యాగ్ పుట్టింది. కూరగాయల బండివాణ్ణి ముందు పేరడిగి, తర్వాత ధర అడిగిన రోజులవి.

మర్కజ్‌లో జరిగింది ఏ మతపు ఆధ్యాత్మిక సభలోనైనా జరగగలిగేదేననీ, ఒక మతానికి అంటగట్టొద్దనీ అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఏప్రిల్ 4నే కోరారు. ఆ మాట కంటే హ్యాష్‌ట్యాగే ఎక్కువ దూరం పోయింది.

వ్యాధికి యాత్రికుల్ని నిందించే ఈ రోగం పాతది. 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య సదస్సు కలరా వ్యాప్తికి యాత్రలను ప్రధాన కారణాల్లో చేర్చింది. 1872లో బ్రిటిష్ అధికారి డబ్ల్యూ.డబ్ల్యూ. హంటర్ పూరీ యాత్రికుల వల్ల లండన్‌కూ ముప్పేనని రాశాడు. ఆనాటి పాశ్చాత్య కలాలు హాజీనీ, జగన్నాథ భక్తుణ్ణీ ఒకే గాటన కట్టాయి. కోటప్పకొండ తిరునాళ్లకు లక్షల్లో కదిలే మనం ఇది మరవకూడదు.

2020 ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లిగీలపై కేసులు కొట్టేస్తూ, వారిని బలిపశువులను చేశారనీ, మీడియాలో పెద్ద ప్రచారం సాగిందనీ వ్యాఖ్యానించింది. 2025 జులైలో ఢిల్లీ హైకోర్టు 70 మంది భారతీయులపై ఉన్న 16 కేసులనూ కొట్టేసింది. నింద పడటానికి వారం, తుడుచుకోవడానికి అయిదేళ్లు.

బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరికీ కలిపి చాపకూడు పెట్టించాడని చెప్పుకునే పల్నాటి సీమ మనది; మనుషుల్ని విడదీసే సగం లెక్కలు ఇక్కడ చెల్లకూడదు. నిర్వాహకులకు నాదొక మనవి. మాస్టారి జ్ఞాపకార్థం ఏటా బడిపిల్లలకు ఒక పోటీ పెట్టండి. వ్యాధి గురించిన వార్త కత్తిరింపు ఒకటి చేతికివ్వండి. దాని కింద గీత గీసి, హారం రాయమనండి. అది రాయడానికి వార్తలో సమాచారం లేకపోతే, ఆ సంగతే రాసిన పిల్లకు మొదటి బహుమతి ఇవ్వండి.