కాలిన గాయమునకు మొదటి ఔషధము నీరు
(వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



క్షయరోగుల కొఱకు 1915 లోనే ఆరోగ్యవరము వెలసిన ఈ మదనపల్లె సీమలో వైద్యము యొక్క విలువను నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. అయినను క్షయరోగికి వైద్యుని వెదకికొని పోవు వ్యవధి యుండును. ఒడలు కాలినవానికి అది లేదు. ప్రక్కనున్నవారే అతనికి తొలి వైద్యులు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ననుసరించి, కాలిన గాయములచే లోకమున ఏటేట సుమారు 1,80,000 మంది మరణించుచున్నారు. మన దేశమున 10 లక్షలకు మించినవారు ఏటా ఒక మోస్తరుగనో తీవ్రముగనో కాలుచున్నారు. మన సీమనే చూడుడు: పట్టుగూళ్లుడికించు మరుగునీరు, బెల్లము వండు పెనము, పెండ్లివారి గాడిపొయ్యి. బెల్లపు పాకము మరుగునీటికన్న వేడియైనది. పైగా చర్మమున కంటుకొని విడువదు. దానిని పెఱికి తీయబోక, దానిమీదనే నీరు పోయవలెను.

నీరు పోసిన బొబ్బలెక్కునని మన యిండ్లలో ఒక నమ్మకము గలదు. బొబ్బ వేడిమివలన కలుగునే గాని నీటివలన గాదు. మంట యాఱినను చర్మములో చిక్కిన వేడి లోలోపల కాల్చుచునే యుండును. చల్లని తేటనీటిని 20 నిమిషములు ధారగా పోసినచో ఆ దహనము నిలుచును. వెంటనే పోయుట యుత్తమము. మూడు గంటలలోపల పోసినను మేలే. మంచుగడ్డ మాత్రము కూడదు. అది రక్తనాళములను ముడిచి గాయమును లోతు చేయును. సిరా, పండ్లపొడి, పసుపు, నేయి, కోడిగ్రుడ్డు - వీనిలో నేదియు పూయరాదు. వైద్యుడు వానిని కడిగి తీయునప్పుడు రోగి పడు బాధ యింతింత గాదు.

ఇరువది నిమిషములు పోయుటకు నీరెక్కడిదని కుప్పము సోదరులడుగవచ్చును. వేయి అడుగులు తొలిచినను నీరు పడని సీమ గదా! కాలిన చేయి క్రింద గంగాళముంచి, పడిన నీటినే చెంబుతో ముంచి మరల పోయుడు, వేడెక్కిన మార్చుడు. ఒకటి రెండు బిందెలతో పని గడచును. పసిబిడ్డలకు కాలినచోట మాత్రమే తడిపి, తక్కిన యొడలిని పొడి దుప్పటితో వెచ్చగ కప్పవలెను.

బట్టలంటుకొన్నప్పుడు పరుగిడరాదు, నేలబడి దొర్లవలెను, లేదా నూలు దుప్పటియో కంబళియో కప్పి మంట నార్పవలెను. విద్యుత్తు తగిలినవానిని మీట కట్టక ముట్టరాదు. వానికి పైగాయము చిన్నదైనను లోగాయము పెద్దది కావచ్చును.

వాపు రాకమునుపే ఉంగరములు, గాజులు, మట్టెలు తీయవలెను. మట్టెలు తీయుటకు మన స్త్రీలు సంకోచింతురు. వాచిన వ్రేలికి నెత్తు రాడక ఆ వ్రేలే పోవచ్చునని వారికి ముందుగనే చెప్పియుంచుడు. బొబ్బలు చిదుపక, ఉతికిన నూలుబట్టను వదులుగ కప్పుడు.

ముఖము, చేతులు, కీళ్లు కాలినను, గొంతు బొంగురుపోయినను, రోగి అరచేతి కొలతలో పది అరచేతులంత కాలినను ఆసుపత్రి తప్పదు. 2005 నుండి 108 వాహనమున్నది. అది వచ్చువఱకు నీరు పోయుచుండుడు. కుప్పమున వైద్యకళాశాల యాసుపత్రియు, బెంగళూరు విక్టోరియా యాసుపత్రిలో కాలినవారికి ప్రత్యేక విభాగమును గలవు.

ఇంకొక మాట. మన కులపెద్దలకిది రుచింపకపోవచ్చును. కోడలో కూఁతురో కాలినప్పుడు, నలుగురేమందురో, పోలీసువా రేమడుగుదురో యని తలుపులు మూసి, కులగౌరవము పేర ఆసుపత్రికి గొనిపోవుట నాలస్యము చేయువారు మనలోను లేకపోలేదు. ఎట్లు కాలెనను విచారణ తరువాత జరుగును. ముందామె ప్రాణము దక్కవలెను. ఆమె చెప్పదలచిన మాట వైద్యునితో నామెయే చెప్పుకొననిండు.

పోషకులకు నా మనవి యొక్కటి. ఈ మూడు పట్టణములలో మనవారి పెండ్లిండ్లు జరుగు ప్రతి వంటశాల ద్వారము చెంతను మూతగల నీటి పీపా, చెంబు, గంగాళము, ఉతికిన నూలుబట్టలు నాలుగు, కంబళి యొకటి యుండునట్లు రాబోవు లగ్నములలోపల నేర్పాటు చేయింపుడు.