పాడిలో పిల్లలకు పని లేదా?

(పాల సంఘాల అధ్యక్ష, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల నాణ్యత గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని పిలిచారు. ఆ సంగతి మాకంటే మీకే బాగా తెలుసు. అందుచేత మరొక విషయం ఎత్తుకుంటున్నాము. ఏ ఊరికి వెళ్ళినా, "మా అబ్బాయికి ఈ పేడ చాకిరీ వద్దండీ, ఎక్కడైనా ఉద్యోగం చూడండి" అనే మాటే వింటున్నాము. పాడిలో ఉద్యోగం లేదని పిల్లలకు నేర్పింది ఎవరు? మాలాంటివాళ్ళమే. మా తప్పు ఒకటి చెబుతాము, వినండి.

మేము సూపర్‌వైజర్లుగా తిరిగే రోజుల్లో ఒక సంఘంలో పదో తరగతి చదివిన కుర్రవాడు పాల పరీక్ష చేసేవాడు. మే నెల. లారీ రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. తొమ్మిది క్యాన్లు పులిశాయని శీతలీకరణ కేంద్రం నుండి తిరిగి వచ్చాయి. వాటిని కాలువలో పారబోశారు. ఆ కుర్రవాడు మా సైకిలు పట్టుకొని, "పొద్దున బాగున్న పాలు పదింటికల్లా ఎందుకు పులిశాయండీ? క్యాన్లను నీడలో పెట్టి తడిగోనెలు కప్పితే ఆగేవా?" అని అడిగాడు. "నీ పని వెన్న శాతం చూడడం. అది చూడు" అన్నాము. ఆరు నెలలకు పట్నం వెళ్ళి వాచ్‌మన్‌గా చేరాడు. మళ్ళీ కనిపించలేదు.

అతను అడిగింది మంచి ప్రశ్న. పొదుగు నుండి దిగిన పాలు మన ఒంటి వేడిమీద ఉంటాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు అరగంటలోపే రెట్టింపు అవుతాయి. 4 డిగ్రీలకు చల్లబరిస్తే వాటి జోరు బాగా తగ్గుతుంది. నేడు ఊళ్ళలో బల్క్ కూలర్లు పెట్టింది అందుకే. క్యాను పాలు పారబోస్తే పోయేది పాలే కాదు. గేదె తిన్న మేత, తాగిన నీళ్ళు, తెల్లవారుజామున లేచిన ఇల్లాలి కష్టం, కరెంటు, డీజిలు, అన్నీ కాలువలో కలుస్తాయి. ఆ నష్టం ఆపడమే వృత్తిగా పెట్టుకొన్నవారు ఆహార పరిశ్రమలో ఉన్నారు. వారికి జీతాలూ ఉన్నాయి.

ఇది కొత్త పని కూడా కాదు. గుజరాత్‌లో ఖేడా జిల్లా సంఘం 1946లో పుట్టింది. చలికాలంలో గేదెలు ఎక్కువ పాలిస్తే బొంబాయి అంత తీసుకొనేది కాదు, మిగులు పాలు రైతు నెత్తిన పడేవి. గేదె పాలతో పొడి చేయడం కుదరదని విదేశాల నిపుణులు అన్నారు. హెచ్.ఎం. దలాయా అనే డెయిరీ ఇంజనీరు చేసి చూపాడు. 1955 అక్టోబరు 31న నెహ్రూగారు ఆ పొడి కర్మాగారాన్ని ప్రారంభించారు. దలాయాను ఆణంద్‌లో నిలిపిన కురియన్‌గారు కూడా పాడి మీద మోజుతో వచ్చినవారు కారు. 1949లో ప్రభుత్వం పంపితే వచ్చి, ఎప్పుడు పోదామా అని చూసిన మెకానికల్ ఇంజనీరు. తీరని చిక్కు చేతికి దొరికింది, ఉండిపోయారు. చురుకైన పిల్లవాడిని కట్టిపడేసేది అటువంటి చిక్కే.

ఈనాటి చిక్కులు వేరు. గేదె నెమరువేస్తూ త్రేన్చినప్పుడు మీథేన్ అనే వాయువు వస్తుంది, భూమి వేడెక్కడానికి అదీ ఒక కారణం. మీరు డబ్బిచ్చి కొన్న దాణాలో కొంత శక్తి ఆ త్రేన్పుతోనే పోతుంది. మేతను లెక్కప్రకారం సరిచేస్తే లీటరు పాలకు వచ్చే మీథేన్ తగ్గుతుంది, ఖర్చూ కలిసి వస్తుంది. ఆ లెక్క వేసేవారు కావాలి. వరిగడ్డి 100 కిలోలకు 4 కిలోల యూరియాను నీళ్ళలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు మాగబెట్టే పద్ధతి పాతదే. ఎన్ని ఊళ్ళలో చేస్తున్నారు? చేతులెత్తమంటే మాకే సిగ్గు.

ఇక పేడ. 50 కిలోల పేడ, అంతే నీరు రోజూ వేస్తే 2 ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది, ఒక ఇంటి వంటకు సరిపోతుంది. నాలుగు గేదెలుంటే చాలు. గోబర్ గ్యాస్ తొట్లు మనకూ ఉండేవి. చాలా ఊళ్ళలో డ్రమ్ము తుప్పుపట్టి, బాగుచేసేవాడు లేక చెత్తకుండీలయ్యాయి. ఆణంద్ జిల్లా జకారియాపురలో మహిళలు ఇళ్ళ పక్కనే ప్లాంట్లు పెట్టుకొని, గ్యాసు వంటకు వాడి, మిగిలిన స్లర్రీని ఎరువుగా అమ్ముకుంటున్నారు. అక్కడ తేడా యంత్రంలో లేదు, చూసుకొనే మనుషులలో ఉంది. ఆ మనిషి మీ ఊరి ఐ.టి.ఐ. కుర్రవాడు ఎందుకు కాకూడదు?

చదువులకూ దూరం పోనక్కరలేదు. కామారెడ్డిలో, తిరుపతిలో డెయిరీ టెక్నాలజీ కళాశాలలు ఉన్నాయి. పదో తరగతి పాసైతే పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. ఆడపిల్లలను కూడా పంపండి. గేదె ఎప్పుడు మేత మానిందో ఇంట్లో మొదట కనిపెట్టేది వాళ్ళే.

ఇలాంటి ఉపన్యాసాలు పిల్లలు వినరు, మాకు తెలుసు. వాళ్ళకు పని ఇవ్వండి. ఈ వేసవిలో ఎన్ని లీటర్లు తిరిగి వచ్చాయో, ఏ పూట, ఎందుకు వచ్చాయో మీ ఊరి ఇంటర్ పిల్లల చేత రాయించండి. సర్వసభ్య సమావేశంలో ఆ లెక్కను వాళ్ళ చేతే చదివించండి. అడిగే ప్రశ్నలకు కార్యదర్శిగారే జవాబు చెప్పాలి. ఆయన కోప్పడితే మాకు కబురు చేయండి, మేము వచ్చి కూర్చుంటాము.