బండి లోపలికి డీజిలు పొగ: కనిపెట్టడం, అరికట్టడం

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభ్యుల కుటుంబాలలో డ్రైవర్లు, మెకానిక్కులు, సొంతంగా వ్యాన్లు తిప్పుకునేవారు చాలామంది ఉన్నారు. బండి లేనివారు కూడా పెళ్ళిళ్ళకు, ఆస్పత్రులకు వ్యాన్లలోనే వెళతారు. పిల్లలు బడికి వెళ్ళేదీ వాటిలోనే. అందుచేత ఈ విషయం మెకానిక్కులకే కాదు, అందరికీ సంబంధించినదని మనవి చేస్తున్నాను.

"డీజిలు బండి అన్నాక ఆ మాత్రం వాసన రాదా?" అంటూంటారు. రాకూడదు. లోపల పొగ వాసన వస్తున్నదంటే రెండు తప్పులు కలిసి జరుగుతున్నాయన్నమాట. ఒకటి, పొగ పోవలసిన దారిన పోవడం లేదు. రెండు, దానికి లోపలికి సందు దొరికింది. ఈ రెండింటినీ పట్టుకోవాలి. ఒకటి బాగుచేసి రెండోది వదిలేస్తే కొన్నాళ్ళకు కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

ఈ పొగ వల్ల వచ్చే హాని చిన్నది కాదు. డీజిలు పొగ క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. ఇందులో కార్బన్ మోనాక్సైడు అనే వాయువు కూడా ఉంటుంది. పెట్రోలు పొగలో కంటే ఇది తక్కువే గాని, మూసిన క్యాబిన్లో చేరితే ప్రమాదమే. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, మగతగా ఉండడం దీని లక్షణాలు. బండి దిగి గాలిలో నిలబడితే తలనొప్పి తగ్గుతున్నదంటే అనుమానించాల్సింది బండినే. ఇంకో మాట. కరోనా రోజుల్లో కొన్న, వేలికి పెట్టుకునే ఆక్సిమీటరు చూసి ధైర్యపడకండి. ఈ వాయువు పట్టిన రక్తాన్ని కూడా అది మంచి రక్తంగానే చూపిస్తుంది.

ఇక కనిపెట్టే పద్ధతి. స్పానరు పట్టుకునే ముందు, వాసన ఎప్పుడు వస్తున్నదో డ్రైవరును అడగండి.

బండి నిలబడి ఇంజను ఆడుతున్నప్పుడు, బ్లోయరు వేస్తేనే వస్తున్నదా? అయితే లీకు బానెట్టు కింద ఉండే అవకాశం ఎక్కువ. ఎందుకంటే చాలా బండ్లలో బ్లోయరు గాలి తీసుకునే జాలీ ముందు అద్దం కింద, బానెట్టు అంచునే ఉంటుంది. లోపలి గాలే తిరిగే మీట వేస్తే వాసన తగ్గిందా, అనుమానం ఇంకా బలపడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు వస్తే మానిఫోల్డు ప్యాకింగు, టర్బో జాయింట్లు చూడాలి. వాసనలో కాలిన నూనె కలిసి ఉంటే బ్రీదరు పైపు చూడాలి. బండి పరుగెడుతున్నప్పుడు మాత్రమే, అందులోనూ వెనుక అద్దాలు తెరిస్తే వస్తున్నదంటే, ఆ పొగ సైలెన్సరు గొట్టం చివరిదే. పరుగెత్తే బండి వెనుక గాలి ఒత్తిడి తగ్గి, వదిలిన పొగ వెనక్కి సుడి తిరిగి లోపలికి వస్తుంది. డిక్కీ తలుపు సగం తెరిచి సామాను వేసుకుపోయేవారు ఇది గుర్తుంచుకోవాలి.

తరువాత లీకు వెతకాలి. బండిని ఆరుబయట పెట్టి, హ్యాండు బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. మూసిన షెడ్డులో ఈ పని చేయవద్దు. ఇంజను చల్లగా ఉండగానే స్టార్టు చేసి, మరొకరు గొట్టం చివర తడి గుడ్డతో కొద్ది సెకన్లు సగం మూస్తే, లీకు ఉన్నచోట "టిక్ టిక్" మని గాని "చుస్ చుస్" మని గాని శబ్దం వస్తుంది. సబ్బు నీళ్ళు రాస్తే బుడగలు లేస్తాయి. జాయింట్ల దగ్గర నల్లటి మసి చారలుంటే దొంగ దొరికినట్టే. ఇంజక్టరు మొదట్లో తారులాగా నల్లగా పేరుకుంటే కింది రాగి వాషరు పోయిందని అర్థం. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్. 6 డీజిలు బండ్లలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. "మాది కొత్త బండి, పొగే రాదు" అనవద్దు. ఫిల్టరుకు ముందు లీకయితే వచ్చేది వడకట్టని పొగే.

లోపలి సందులు వెతకడం ఇంకా తేలిక. రాత్రి పూట లోపల టార్చి వేసి బయటినుండి చూడండి. వెలుగు కనిపించిన చోటల్లా పొగకు దారి ఉన్నట్టే. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వస్తే బీడింగు పని అయిపోయింది. గేరు రాడ్డు తొడుగు, పెడళ్ళ దగ్గరి రబ్బర్లు, వైర్లు దూరే రంధ్రాలు, ఫ్లోరులో తుప్పు తిన్న చోట్లు చూడాలి. ఇంజను ముందు సీట్ల మధ్య ఉండే వ్యాన్లలో పై మూత చుట్టూ ఉన్న రబ్బరు ముఖ్యం. ఇంజను పని చేశాక ఆ మూత సరిగా బిగించకుండా బండి ఇచ్చేయడం తరచు చూస్తున్నాము.

మరమ్మతులో పొదుపు వద్దు. మానిఫోల్డుకు కొత్త ప్యాకింగు వేసి, కంపెనీ చెప్పిన బిగింపుతో, చెప్పిన వరుసలో బిగించాలి. తుప్పుపట్టిన పైపుకు రేకు చుట్టి తీగె కట్టడం మరమ్మతు కాదు. సైలెన్సరు చివరి గొట్టం బాడీ అంచు దాటి బయటికి ఉండాలి. పని అయ్యాక మొదట ఏ పరిస్థితిలో వాసన వచ్చిందో అదే పరిస్థితిలో నడిపి చూడాలి. కార్బన్ మోనాక్సైడు అలారం ఒకటి లోపల పెట్టుకుంటే మరీ మంచిది. అయితే అది మసిని పట్టుకోదు, కనుక అలారం మోగలేదని వాసనను వదిలేయకూడదు.

బాగయ్యేదాకా ఆ బండిలో జనాన్ని ఎక్కించవద్దు. షెడ్డు దాకా నడపక తప్పకపోతే ముందు అద్దాలు దించి, డిక్కీ మూసి నడపండి. ఏ.సి. కోసం ఇంజను ఆడించి బండిలో నిద్రపోవద్దు.

చివరగా, వాసన వస్తున్నదని కొందరు అత్తరు చల్లుతారు, అగరుబత్తి వెలిగిస్తారు. అత్తరు మంచిదే, కాని హెచ్చరించే వాసనను కప్పిపుచ్చడానికి కాదు. డ్రైవరు "పొగ వస్తోంది సాబ్" అంటే యజమాని విసుక్కోకూడదు. బడి వ్యానులో వచ్చిన పిల్లవాడు రోజూ "తల నొప్పి అమ్మీ" అంటే తల్లి కూడా అది చదువుకు సాకు అనుకోకూడదు. వెళ్ళి ఆ వ్యానులో ఒకసారి కూర్చుని చూడాలి. మన బండి ఎక్కినవారి ప్రాణం మన దగ్గర అమానతు. ఆ అమానతును భద్రంగా దించే బాధ్యత మనది.